బకెట్లో కలెక్టరు

అనంతపద్మనాభం బందరు మున్సిపాలిటీలో జననమరణాల గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. పుట్టినవాణ్ణి పుట్టాడనీ, పోయినవాణ్ణి పోయాడనీ ఉన్నదున్నట్టు రాయడమే ఆయన ఉద్యోగం. అందులో సొంతానికి ఒక్క ముక్క కలపడానికి వీల్లేదు. కవలలు పుడితే ముగ్గురని రాయకూడదు. మంచంలో పోయిన ముసలాయన పులితో కలబడి పోయాడని రాయకూడదు. సర్వీసంతా అలా లోపల కుక్కుకున్నది రిటైరయిన మర్నాటి నుంచీ నోటి గుండా బయటికి రావడం మొదలెట్టింది. ఆయన లెక్కలో అది అబద్ధం కాదు. నిజం పొట్టిగా పుడితే దానికి ఎత్తు చెప్పులు తొడగడం, అంతే.

ఇంట్లోవాళ్లకి ఆ చెప్పుల చప్పుడు బాగా అలవాటు. ఆయన ఏం చెప్పినా భార్య త్రిపురసుందరి సగం కొట్టేసి, మిగిలిన సగంలో మళ్లీ సగం వింటుంది. కూతురు హరిణి ఆ కూడికలూ తీసివేతలూ కూడా పెట్టుకోదు. అందుకే ఆయనకి అప్పజెప్పే పనులు కూడా కథకి చోటులేనివే ఉంటాయి: పాలపాకెట్టు తేవడం, గ్యాస్ బండ వస్తే తలుపు తీయడం.

అలాంటిది ఆ ఆదివారం పొద్దున ఆయన ఒళ్లో కలెక్టరు గారు ఉన్నారు.

కలెక్టరంటే చేప. వేలెడంత ఉప్పునీటి చేప, నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలు. హరిణి ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచీ చిన్న గాజు తొట్టిలో పెంచుకుంటోంది. పొద్దస్తమానం ఈ మూల నుంచి ఆ మూలకి ఛాతీ విరుచుకుని తిరిగి, అన్నీ చూసి, ఏమీ చేయకుండా వెనక్కి పోతుందని ఆ పేరు పెట్టింది. ఇప్పుడు హరిణికి గుడివాడ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చి, కుటుంబమంతా ఇల్లు మారుతోంది. తొట్టీ, అందులోని ఇసకా, రాళ్లూ సామాన్ల లారీలో ముందు వెళ్లాయి, వాటితోపాటే తల్లీకూతుళ్లూ వెళ్లారు. అక్కడ తొట్టి నిలబెట్టి, ఉప్పునీళ్లు పోసి సిద్ధం చేసేసరికి చేప రావాలి. వచ్చే బండి పక్కవీధి సైఫుల్లా ఆటో. తెచ్చే మనిషి, వేరే దిక్కులేక, పద్మనాభం.

"నాన్నా, ఈ ఒక్క పనీ సరిగ్గా చెయ్యి," అంది హరిణి లారీ ఎక్కుతూ. "బకెట్టు మూత ఊరికే తీయకు. ఈ పంపు సెల్స్ మీద నడుస్తుంది, పాతది, ఎక్కువసేపు రాదు. బుడగలు వస్తున్నంతసేపే దానికి ఊపిరి. తిన్నగా వచ్చెయ్యి, మధ్యలో ఎక్కడా ఆగకు. దీనికేమైనా అయితే మళ్లీ నీకేదీ అప్పజెప్పను."

లారీలోంచి త్రిపురసుందరి తల బయటికి పెట్టింది. "మేం వర్జ్యం రాకముందే దూరిపోతాం. మీరు మాత్రం వర్జ్యం వెళ్లేదాకా గడప తొక్కకండి. కొత్తింట్లోకి ప్రాణమున్నదేదీ వర్జ్యంలో రాకూడదు. చేపయినా సరే."

ఆగకూడదు, చేరకూడదు. ఈ రెండు ఆజ్ఞల మధ్య పద్మనాభానికి కనిపించిన దారి గుడ్లవల్లేరు సెంటర్లో సువర్ణ టీ బడ్డీ.

బల్ల చివర నీడలో బకెట్టు పెట్టాడు. దాని అంచుకి తగిలించిన పంపు గుర్రుమంటూ నిద్రపోయే పిల్లిలా మూలుగుతోంది. పంపు మూలిగినంతసేపూ భయం లేదని ఒక టీ చెప్పాడు. సైఫుల్లా బల్ల రెండో చివర కూర్చుని తనకీ ఒకటి చెప్పాడు. పక్కన రొయ్యల చెరువుల మోహన్, మేత కొట్టు తెరిచేదాకా కాలక్షేపానికి కూర్చున్నవాడు. చేపలమ్ముకుని ఖాళీ గంపతో బస్సు కోసం చూస్తున్న ఎలీసబెతు బకెట్టు వంక మెడ సాచింది.

"ఏంటి బాబాయ్ గారూ అందులో?"

"చేప."

"పులుసుకా, వేపుడికా?"

పద్మనాభం జాలిగా నవ్వాడు. "పులుసేమిటమ్మా. ఇది కలెక్టరు."

"అయితే వేపుడే," అంది ఎలీసబెతు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మోహన్ గ్లాసు పట్టుకుని కాస్త దగ్గరికి జరిగి, "కలెక్టరేంటి మేష్టారూ?" అన్నాడు. కళ్లద్దాలూ బట్టతలా ఉన్నవాణ్ణి ఆ ప్రాంతంలో మేష్టారనే అంటారు. పద్మనాభం ఏనాడూ కాదనలేదు. వినేవాడు దగ్గరికి జరిగితే ఆయన గొంతు తనంతట తనే సర్దుకుంటుంది.

"నేను పిరికివాణ్ణి నాయనా," అని మొదలెట్టాడు. ఎప్పుడూ అక్కడే మొదలెడతాడు. ముందు తనని తాను నాలుగు తిట్టుకుంటే, ఆ తర్వాత ఎంత పొగుడుకున్నా జనం సర్దుకుపోతారని ఆయన అనుభవం. "బొద్దింక ఎగిరితే మంచమెక్కుతాను, ఈత రాదు, సైకిలు కూడా స్టాండు వేసి ఉంటేనే తొక్కుతాను, నా వల్ల ఏమవుతుంది చెప్పు. పొద్దున లేచేసరికి ఇంట్లో గోల. ఇల్లు మారుతున్నాం, తొట్టి లారీ ఎక్కాలి, ఈ మహానుభావుడేమో రాతి కింద దూరి రానంటున్నాడు. మా అమ్మాయి వల పెట్టింది, రాలేదు. లారీవాళ్లు రాయి లేపితే ఇంకో రాతి కిందకి పోయాడు. మా ఆవిడ కొబ్బరికాయ మొక్కింది, అయినా రాలేదు. అప్పుడు అందరూ నా వంక చూశారు. మామూలుగా మా ఇంట్లో నా వంక ఎవరూ చూడరు, అది ఒప్పుకుంటాను. నేను నెమ్మదిగా వెళ్లి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని, అద్దాలు తుడుచుకుని, ఒకే ఒక్క మాటన్నాను. ఏమన్నానో తెలుసా?"

"ఏమన్నారు?"

"బాబూ, ట్రాన్స్‌ఫర్ వచ్చింది అన్నాను. అంతే. ఆ మాటకి కదలని ఆఫీసరుంటాడా? ఎక్కడికీ అన్నట్టు తల బయటపెట్టాడు. గుడివాడ అన్నాను. బందరు నుంచి గుడివాడంటే మరీ పనిష్మెంటేం కాదు కదా. కాస్త ఆలోచించుకుని, తనంతట తనే వచ్చి ఈ బకెట్లో కూర్చున్నాడు."

మోహన్ నవ్వాడు. సువర్ణ టీ వడకడుతూ నవ్వింది. నిజానికి చేపని పట్టింది హరిణే. ఆ సమయానికి పద్మనాభం పాలపాకెట్టు కోసం వెళ్లాడు. గుమ్మం ముందు ఆటో పెట్టుకుని అంతా చూసినవాడు సైఫుల్లా. అందుకే పద్మనాభం అటు తిరిగి, "ఏం సైఫుల్లా, నువ్వున్నావుగా?" అన్నాడు. సాక్షిని ముందే కలుపుకోవడం మంచిది.

సైఫుల్లా టీ ఊదుకున్నాడు. "మీరు చెప్పండి బాబాయ్ గారూ, వింటున్నాను."

"అదంతా సరే మేష్టారూ, నీళ్లలో ఉప్పెంత పెట్టారు?" అన్నాడు మోహన్. రొయ్యలవాడికి చేప పేరు కన్నా నీళ్ల సంగతి ముఖ్యం. "మా చెరువులో ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే పిల్లంతా తేలిపోద్ది."

ఉప్పు కొలిచేది హరిణి. ఎంత పెట్టిందో పద్మనాభానికి తెలీదు. తెలీని చోట ఆయన బుర్ర బాగా పనిచేస్తుంది.

"అక్కడే వచ్చింది నాయనా చిక్కు. చేప బకెట్లో కూర్చునేసరికి నీళ్లు సగం ఒలికిపోయాయి. కుళాయి నీళ్లు పొయ్యడానికి లేదు, కల్లుప్పు కలపడానికి లేదు, దీనికి కావల్సింది అసలు సముద్రం. పద సైఫుల్లా అన్నాను, మంగినపూడి వెళ్లాం. వెళ్లేసరికి సముద్రం లేదు."

"సముద్రం లేకపోవడమేంటి?" అంది సువర్ణ.

"పాటు మీద ఉందమ్మా. వెనక్కి పోయింది, కనుచూపు మేర ఇసక. మామూలు డ్రైవరయితే అక్కడ ఆపేస్తాడు. కానీ ఇతను సైఫుల్లా. ఆ తడి ఇసకలో బండిని ఎలా వదిలాడనుకున్నావు, గుర్రం. చక్రం దిగబడితే ఒట్టు."

సైఫుల్లా కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఇసకలో సెకండు గేరు దాటకూడదు," అన్నాడు మోహన్‌తో, ఉన్న విషయం చెబుతున్నట్టు.

పద్మనాభానికి ఏనుగెక్కినట్టయింది. సాక్షి తనంతట తనే కూటమిలో చేరాడు.

"పోయి పోయి నీటి అంచు పట్టుకున్నాం. నేను దిగి, సముద్రంతో అన్నాను, ఏమమ్మా, ఒక్క బకెట్టు నీళ్లకి ఇంత బెట్టా? మనది ఒకే ఊరు కదా, ఆ మాత్రం ఇరుగుపొరుగు ఉండద్దా? అనేసరికి దానికి సిగ్గేసింది. వచ్చి కాళ్ల దగ్గర బకెట్టు నింపింది. సరే, తిరిగొస్తున్నాం. చిలకలపూడి దగ్గర ఎందుకో అనుమానమొచ్చి వెనక్కి చూశాను. చూస్తే ఏముందో తెలుసా?"

"పోలీసులా?"

"సముద్రం. మా వెనకాలే వస్తోంది. రోడ్డంత వెడల్పున, తలొంచుకుని, పెళ్లివారి బస్సు వెనక పరిగెత్తే మేనమామలా. ఒక్క మంచి మాటకే అంత కరిగిపోయింది పాపం. బండాపి దిగి, తల్లీ, ఈ ఊళ్లో నిన్ను పిలిచినవాడు ఎప్పుడూ లేడు, వచ్చినప్పుడల్లా పిలవకుండానే వచ్చావు, ఇక చాలు, ఇంటికెళ్లు అన్నాను. నా మాట కాదనలేక వెళ్లింది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది."

ఎలీసబెతు గంప బోర్లించి దాని మీద కూర్చుంది. బస్సొచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఆమె లేవలేదు. తన కథ కోసం ఒక మనిషి బస్సు వదిలేసుకోవడం పద్మనాభం జీవితంలో అదే మొదలు. ఆయన రెండో టీ చెప్పాడు. ఎక్కడా ఆగకు అన్న హరిణి మాట లోపల చీమలా ఒకసారి కుట్టింది. పంపు మూలుగుతూనే ఉంది కదా అనుకుని చీమని దులిపేశాడు.

"అలా పెడన చేరామా, అక్కడ గొయ్యి. గొయ్యి రోడ్డుది, బండి తప్పేం లేదు," అన్నాడు సైఫుల్లా కేసి చూసి. "బండి ఎగిరి దిగేసరికి ఫట్టుమని తొట్టి చీలింది."

"తొట్టి లారీ ఎక్కిందన్నారుగా?" అంది ఎలీసబెతు.

"అది కాపురపు తొట్టమ్మా. ఇది ప్రయాణపు తొట్టి." ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదాయన. "చీలిక నిలువునా. నీళ్లు కారుతున్నాయి, చేప నా వంక చూస్తోంది. ఇంకొకడైతే ఏడుస్తాడు, నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. ఏడుస్తూ సంచీలో రుమాలు కోసం చెయ్యి పెడితే తగిలిందయ్యా, బందరు హల్వా. కొత్తింటి పక్కవాళ్లకి పంచమని మా ఆవిడ ఇచ్చింది. ఆ హల్వా సంగతి మీకు తెలుసుగా, పంటికి పట్టుకుంటే పళ్ల డాక్టరే దండం పెడతాడు. పిసికి చీలిక పొడుగునా మెత్తాను. చుక్క కారితే ఒట్టు."

"నెయ్యి తేలదూ నీళ్లలో?" అన్నాడు మోహన్.

"తేలింది. తేలితే మనవాడు నాకాడు. నాకి, రుచి తగిలి, లోపల్నించి తినడం మొదలెట్టాడు. బందరు హల్వా తిని ఒళ్లు చేయనిదెవరు? అక్కడ అరచేతంతయ్యాడు, ఊరు దాటకముందే సొరకాయంతయ్యాడు. అక్కడ కలంకారీ అద్దకాలవాళ్లు చూసి, అయ్యో, దిష్టి తగులుతుందని రంగారని ఒక పచ్చి దుప్పటి తెచ్చి కప్పారు. అసలు ఈ చేప వట్టి నారింజ రంగు. ఈ తెల్ల చారలున్నాయి చూశారూ, ఆ దుప్పటి అంచువి. ఇంకాసేపుంచితే నెమళ్లు కూడా పడేవి, నేనే లాగేశాను."

"ఏదీ, చారలు చూడనివ్వండి," అని ఎలీసబెతు లేచింది.

పద్మనాభం మూత కొద్దిగా ఎత్తాడు. నలుగురూ వంగి చూశారు. అడుగున, పంపు వదిలే బుడగల పక్కన, కలెక్టరు గారు వేలెడు ఒళ్లుతో అటూ ఇటూ తనిఖీ చేస్తున్నారు.

"ఇదేంటి, నేనమ్మే నెత్తళ్లలో కలిపితే కనపడదు. సొరకాయన్నారు?"

"వర్జ్యం కదమ్మా," అన్నాడు పద్మనాభం మూత వేస్తూ. "వర్జ్యంలో ఒళ్లు కుదించుకుంటారు. ఆచారమున్న చేప."

సువర్ణ పొయ్యి తగ్గించి ఇటు వచ్చి నిలబడింది. ఇక పద్మనాభానికి నేల ఆనలేదు.

"వడ్లమన్నాడు వచ్చేసరికి పెద్ద పండుగప్ప చేపంతయ్యాడు. కౌతవరం గేటు దగ్గరకి వచ్చేసరికి బండి వెనక్కి ఒరిగి ముందు చక్రం గాల్లో ఉంది. గేటు పడింది. బందరు రైలొస్తోంది. డ్రైవరు దూరం నుంచే చూశాడు, ఆటోలోంచి ఇటో తోక, అటో మూతి. రైలాపేశాడు. జనమంతా కిటికీల్లోంచి ఫోన్లు పెట్టి ఫొటోలు. గార్డు దిగొచ్చి, మేష్టారూ, ముందు మీరు పోనివ్వండి, అన్నాడు. లేదు నాయనా, రైలుకి రైలు మర్యాద, బండికి బండి మర్యాద, ఇద్దరం కలిసే పోదామన్నాను. అప్పుడు చూడాలి, పట్టాల మీద రైలు, పక్కన రోడ్డు మీద సైఫుల్లా ఆటో, సమానంగా. ఆ తర్వాత సమానం కూడా కాదు, రైలు వెనకబడింది."

సైఫుల్లా చొక్కా కాలరు సర్దుకున్నాడు. "ఇంజనుకి కొత్తగా బోరు చేయించాను," అన్నాడు, అందరికీ వినపడేలా.

ఇక్కడ ఆపి దండం పెట్టి లేస్తే ఆ రోజు చరిత్రలో నిలిచిపోయేది. కానీ కోతలు కోసేవాడికి కొడవలి పక్కన పెట్టడం తెలీదు. పై మెట్టు ఒకటి కనిపిస్తోంది, దాని మీద ఎవరూ ఇంతవరకూ కాలు పెట్టలేదు.

"ఆ పరుగులో ఏమైందో తెలుసా? బండి ఇంజను ఆగిపోయింది."

సైఫుల్లా టీ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. పద్మనాభం చూడలేదు. ఆయన మోహన్ కళ్లలోకి చూస్తున్నాడు.

"నడిరోడ్డు. అటు పొలాలు, ఇటు కాలవ. దబ్ మని ఆగింది, పొగ, వాసన, కిక్కు కొడితే దగ్గు. ఇక దిక్కెవరు? కలెక్టరు నా వంక చూశాడు, నేను కాలవ వంక చూశాను..."

అప్పుడు వినపడింది ఆయనకి. వినపడడమంటే, వినపడకపోవడం. గుర్రుమనే చప్పుడు లేదు.

పంపు ఆగింది.

పద్మనాభం చెయ్యి బకెట్టు వైపు పోబోయింది. కానీ ఎదురుగా నలుగురు మనుషులు, ఎనిమిది కళ్లు, మధ్యలో సగం గాల్లో వేలాడుతున్న వాక్యం. ఈ ఒక్క వాక్యం ముగించి చూద్దాం అనుకున్నాడు. అనుకుని ముగించాడు. "చేపని కాలవలో దింపి, మెడలో తాడేసి, తాడు ఆటోకి కట్టాను." ముగిసింది. ముగిశాక మోహన్ "ఆ తర్వాత?" అన్నాడు. ఆ తర్వాత అన్నవాణ్ణి నడిమధ్యలో వదిలేసి లేచిన పాపం ఆయన ఎన్నడూ చేయలేదు. చెమట పట్టింది. మాట మాత్రం ఆగలేదు.

"ఆ తర్వాత చూస్కో, బండి రోడ్డు మీద, చేప కాలవలో, లాగుతోంది, అదీ లాగడం. సైఫుల్లా హ్యాండిల్ వదిలేసి బీడీ..."

"నా బండి ఆగలేదు బాబాయ్ గారూ."

సైఫుల్లా గ్లాసు బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"మంగినపూడి వెళ్లామన్నారు, వెళ్లలేదు, ఊరుకున్నాను. సముద్రం వెంటబడిందన్నారు, అది సముద్రం గొడవ, నాకెందుకు. రైలు మనకన్నా వెనకబడిందన్నారు, మంచిదే అన్నాను. కానీ నా బండి నడిరోడ్డు మీద ఆగి దగ్గిందని సెంటర్లో కూర్చుని చెప్తే, రేపీ ఊళ్లో నా బండెవరు ఎక్కుతారు? మీరు పెడనలో నిద్రపోయారు. వడ్లమన్నాడులో గురక పెట్టారు. కౌతవరం గేటు తెరిచే ఉంది. ఇక్కడికొచ్చాక నేనే లేపాను." బకెట్టు వైపు చెయ్యి చూపించాడు. "ఆగింది నా బండి కాదండీ. మీ పంపు."

ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధించింది. ఎలీసబెతు మూత లాగేసింది. నీళ్లలో ఒక్క బుడగ లేదు. కలెక్టరు అడుగు నుంచి పైకొచ్చి నోరు నీటి అంచుకి ఆనించి తెరిచి మూస్తున్నాడు.

"గాలందట్లేదు," అన్నాడు మోహన్. "మాకు రాత్రి కరెంటు పోతే రొయ్య ఇలాగే తేలుద్ది."

సువర్ణ గోడ గడియారం దించి సెల్ తీసింది. పంపుకి పెద్దవి కావాలి, ఇది చిన్నది. పక్కకొట్టు మూసి ఉంది. పద్మనాభానికి హరిణి గొంతు వినపడింది, ఈసారి చీమలా కాదు, తేలులా. ఏం చేయాలో తెలీక చుట్టూ చూశాడు. పొయ్యి పక్కన, ఎత్తు నుంచి తిరగబోసిన టీ, గ్లాసులో ఇంకా నురగ కడుతూనే ఉంది. ఆయన బల్ల మీదున్న ఖాళీ స్టీలు గ్లాసు తీసి, సువర్ణ నీళ్ల బిందెలో రెండుసార్లు కడిగి, బకెట్లో ముంచి, భుజం దాకా ఎత్తి, ధారగా పోశాడు. బుడగలొచ్చాయి. మళ్లీ పోశాడు.

"సైఫుల్లా," అన్నాడు. "పద."

"వర్జ్యం?"

"పదవయ్యా."

మూత తీసిన బకెట్టు మోకాళ్ల మధ్య బిగించుకుని, ఎడం చేత్తో దాని అంచు పట్టుకుని, కుడి చేత్తో ముంచి పోస్తూ ఆటోలో కూర్చున్నాడు. నూజెళ్ల దగ్గర గతుకుల్లో సగం నీళ్లు బకెట్లో పడ్డాయి, సగం ఆయన ప్యాంటు మీద. జేబులో ఫోను మోగింది. త్రిపురసుందరే అయ్యుంటుంది, వర్జ్యం ఇంకా ఉందని చెప్పడానికి. తీయడానికి చెయ్యి లేదు. భుజం లాగింది, మోచెయ్యి లాగింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. చెప్పాలని కూడా తోచలేదు. సైఫుల్లా అద్దంలోంచి ఒకసారి చూసి, గోతులన్నీ తప్పిస్తూ, నిజంగానే, మంచి పరుగు తీయించాడు.

గుడివాడలో కొత్తింటి గుమ్మంలో త్రిపురసుందరి అడ్డంగా నిలబడి ఉంది. "ఫోనెత్తరేం? ఆగండక్కడ, ఇంకా..." అంటుండగానే పద్మనాభం బకెట్టుతో సహా గడప దాటేశాడు. ఏ కాలు ముందు పెట్టాడో ఆయనకే తెలీదు.

హరిణి బకెట్టు అందుకుని నీళ్లలోకి చూసింది. చేప కదులుతోంది. నీరసంగా ఉంది గానీ కదులుతోంది. ఆమె ఒక పాలిథిన్ కవరులోకి చేపనీ కొంత నీటినీ తీసి, కొత్త నీటికి అలవాటుపడడానికి తొట్టిలో తేలేసి, కవరు మూతి చేత్తో పట్టుకుని, అప్పుడు తిరిగింది.

"పంపు ఎప్పుడాగింది?"

"గుడ్లవల్లేరులో," అన్నాడు పద్మనాభం. "గ్లాసుతో నీళ్లు తిరగబోస్తూ వచ్చాను."

తల్లీకూతుళ్లు ఆగారు. మిగతా కథ కోసం ఆగారు. పద్మనాభం ప్యాంటు మీద ఉప్పు ఆరి తెల్లగా చారలు కడుతోంది. ఆయన కుడి చెయ్యి పట్టుకుని నొక్కుకుంటున్నాడు.

"ఆ తర్వాత?" అంది హరిణి.

"ఆ తర్వాతేముంది. వచ్చేశాం."

హరిణి మొహం పాలిపోయింది. "అంతేనా?"

"అంతే."

"నాన్నా, నిజం చెప్పు. నేనేమీ అనను." కవరులోని చేప వంక చూసింది. "ఇది కలెక్టరేనా?"

"కాకపోతే?"

"దారిలో అది పోతే, వెనక్కి వెళ్లి షాపులో ఇలాంటిదే ఇంకొకటి కొని తెచ్చావా?"

"అయ్యో, అదేం మాటే."

"మరి ఇంత చిన్నగా చెప్తున్నావేంటి? బజారుకెళ్లి కొత్తిమీర తెచ్చినా అరగంట చెప్తావు. పంపు ఆగింది, నీళ్లు పోశాను, వచ్చేశాం? ఇది నువ్వు చెప్పే పద్ధతి కాదు. ఏదో జరిగింది."

గుమ్మంలో నిలబడ్డ సైఫుల్లా, "నిజమేనమ్మా, దారి పొడుగునా పోస్తూనే ఉన్నారు," అన్నాడు.

"నువ్వు కూడా వంత పాడుతున్నావంటే తప్పకుండా ఏదో జరిగింది," అంది త్రిపురసుందరి.

పద్మనాభం భార్య వంక చూశాడు, కూతురి వంక చూశాడు. జీవితంలో మొదటిసారి చేతిలో ఒక అసలు నిజం ఉంది, నొప్పెడుతున్న భుజంతో సహా ఉంది, దాన్ని కొనేవాళ్లు లేరు. కవరు మూతి పట్టుకున్న హరిణి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను పిరికివాణ్ణి, ఆ సంగతి మీకు తెలుసు," అన్నాడు. "అందుకే చెప్పకూడదనుకున్నాను. నూజెళ్ల దాటామా, కాలవలోంచి ఒక మొసలి తలెత్తింది. ఎత్తి, గ్లాసు ఇటివ్వండి మేష్టారూ, మీ చెయ్యి నొప్పెడుతోంది, కాసేపు నేను పోస్తాను అంది..."

హరిణి తేలిగ్గా ఊపిరి వదిలింది. త్రిపురసుందరి హమ్మయ్య అనుకుంటూ దిష్టికి ఎర్రనీళ్లు కలపడానికి లోపలికి వెళ్లింది.

"ఎంతుంటుంది నాన్నా మొసలి?" అని అడుగుతూ హరిణి కవరు మూతి విప్పి, కలెక్టరుని తొట్టిలోకి వదిలింది.